హన్మకొండలో కొన్న ల్యాప్‌టాప్ డాలస్‌లో ఖరాబైతే: విదేశాలకు వెళ్ళేవాళ్ళు వారంటీ కాపాడుకునే పద్ధతి

ఆగస్టులో ఫాల్ సెమిస్టర్‌కు అమెరికా వెళ్ళే పిల్లల కోసం జూన్, జూలై నెలల్లో హన్మకొండ చౌరస్తాలో, వరంగల్ జేపీఎన్ రోడ్డులో, కరీంనగర్ టవర్ సర్కిల్ దగ్గర ల్యాప్‌టాప్‌లు కొంటుంటారు. ర్యామ్ ఎంత, ధర ఎంత తగ్గుతుంది, బ్యాగ్ ఇస్తారా అని అందరూ అడుగుతారు. వారంటీ అక్కడ పనిచేస్తుందా అని అడిగేవాళ్ళు తక్కువ. అడిగినా “ఇంటర్నేషనల్ బ్రాండ్ సార్, ఎక్కడైనా చేస్తరు” అన్న జవాబే వస్తుంది. బ్రాండ్ ప్రపంచమంతా ఉన్నంత మాత్రాన వారంటీ ప్రపంచమంతా ఉండదు. కంపెనీకి ఒక్కో దేశంలో ఒక్కో శాఖ ఉంటుంది. ఆ శాఖ తను అమ్మిన సామానుకు, తన దేశంలో చేసే రిపేరుకు రాసిచ్చిన మాటే వారంటీ.

వారంటీ కార్డులో చిన్న అక్షరాల్లో “భారతదేశంలో మాత్రమే చెల్లుతుంది” అనే అర్థం వచ్చే వాక్యం ఉందో లేదో వెతకండి. ఉంటే, శంషాబాద్‌లో విమానం ఎక్కిన రోజు నుంచి మళ్ళీ దిగే రోజు దాకా ఆ వారంటీ నిద్రపోయినట్టే. రద్దు కాదు. కానీ గడువు మాత్రం రోజూ తరుగుతూనే ఉంటుంది. ఏడాది వారంటీతో ఆగస్టులో వెళ్ళి మరుసటి డిసెంబర్‌లో ఇంటికొచ్చేవాళ్ళకు అది ఒక్కరోజు కూడా అక్కరకు రాదు. కాబట్టి ఈ పని షాపులో, పైసలు కట్టకముందే మొదలుకావాలి.

ఒక్క మాట వెనుక మూడు హామీలు

జనం వారంటీ అని ఒకే మాటతో పిలిచేవి నిజానికి మూడు. మొదటిది తయారు చేసిన కంపెనీ ఇచ్చేది. డబ్బాలో వచ్చే కార్డు, సైట్‌లో సీరియల్ నంబర్ కొడితే కనిపించే తేదీ ఇవన్నీ దానివే. రెండోది చట్టం ఇచ్చే హక్కు. లోపమున్న వస్తువు అమ్మితే అమ్మినవాళ్ళను, తయారుచేసినవాళ్ళను నిలదీయడానికి వినియోగదారుల రక్షణ చట్టం 2019 వీలిస్తుంది. మూడోది బిల్లింగ్ కౌంటర్ దగ్గర అదనంగా డబ్బు తీసుకుని ఇచ్చే ఎక్స్‌టెండెడ్ వారంటీ, యాక్సిడెంటల్ డ్యామేజ్ ప్లాన్.

ఈ మూడోదాని గురించి మొహమాటం లేకుండా చెప్పాలి: విదేశాలకు వెళ్ళేవాళ్ళు దాన్ని దాదాపు ఎప్పుడూ కొనకూడదు. షాపు చైన్లు అమ్మే ప్లాన్‌లో రిపేరు చేసేది షాపు ఒప్పందం చేసుకున్న ఇక్కడి మెకానిక్కులు. అక్కడ తెర పగిలితే ఆ ప్లాన్ కాగితం మాత్రమే. అదనపు రక్షణ కావాలంటే నేరుగా కంపెనీ నుంచే, వెళ్ళే దేశంలో చెల్లుతుందని రాతలో ఉన్నది తీసుకోండి.

కొనేటప్పుడు

ల్యాప్‌టాప్‌ల విషయంలో కొంత నయం. లెనోవోలో చాలా థింక్‌ప్యాడ్ మోడళ్ళకు ఇంటర్నేషనల్ వారంటీ సర్వీస్ ఉంటుంది. ఏ మోడల్‌కు ఉందో కంపెనీ సైట్‌లో చూసుకోవచ్చు. అదే కంపెనీ చవక మోడళ్ళన్నిటికీ ఉంటుందనుకోవద్దు. డెల్‌లో కింద స్టిక్కర్ మీద ఏడు అక్షరాలు, అంకెల సర్వీస్ ట్యాగ్ ఉంటుంది. దేశం మారినప్పుడు ఆ ట్యాగ్‌ను కొత్త దేశానికి బదిలీ చేయమని ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెట్టాలి. ఇది పాడయ్యాక చేసే పని కాదు. బదిలీకి రోజులు పడుతుంది, తెర నల్లబడి అసైన్‌మెంట్ గడువు ముందున్నప్పుడు ఆ రోజులు చాలా పొడుగు. దిగిన మొదటి వారంలోనే పూర్తి చేసుకోండి. ఏ కంపెనీదైనా ఒక సంగతి గుర్తుంచుకోవాలి: ఇక్కడ ఇంటికి వచ్చి చేసే ఆన్‌సైట్ సర్వీసు అక్కడ డబ్బాలో పెట్టి డిపోకు పంపే సర్వీసుగా మారవచ్చు. ఆ దేశంలో అమ్మని మోడల్ అయితే విడిభాగమే దొరకకపోవచ్చు. కీబోర్డు మారిస్తే రూపాయి గుర్తు ఉండదు, జర్మనీలో అయితే అక్షరాల అమరికే మారిపోవచ్చు.

ఫోన్ల విషయంలో షరతులు గట్టివి. ఐఫోన్ వారంటీ సర్వీసును అమ్మిన దేశానికే పరిమితం చేయవచ్చని యాపిల్ షరతుల్లోనే ఉంది. ఫోన్ ఏ దేశానిదో తెలుసుకోవాలంటే సెట్టింగ్స్‌లో జనరల్, అందులో అబౌట్ తెరిచి మోడల్ నంబర్ చూడండి. చివర స్లాష్‌కు ముందు హెచ్ఎన్ ఉంటే ఇండియాది, ఎల్ఎల్ ఉంటే అమెరికాది. మొదటి అక్షరం ఎమ్ అయితే కొత్తగా అమ్మినది, ఎఫ్ అయితే రీఫర్బిష్డ్ (బాగుచేసి మళ్ళీ అమ్మినది), ఎన్ అయితే కంపెనీ బదులుగా ఇచ్చినది. “దుబాయ్ నుంచి తెచ్చిన కొత్త ఫోన్” అని ఎవరైనా అమ్మజూపితే ఈ రెండు చోట్లా చూసి మాట్లాడండి.

ఇప్పుడు బిల్లు. ఇక్కడ చేసే తప్పే తర్వాత అన్నిటికన్నా ఎక్కువ బాధపెడుతుంది. పక్కా జీఎస్టీ ఇన్వాయిస్ తీసుకోండి. తెలంగాణ షాపు అయితే జీఎస్టీ నంబర్ 36తో మొదలవుతుంది. బిల్లు మీద మోడల్ కోడ్, ల్యాప్‌టాప్ అయితే సీరియల్ నంబర్, ఫోన్ అయితే ఐఎంఈఐ అనే గుర్తింపు నంబర్ ఉండాలి. ఫోన్‌లో *#06# కొట్టి, డబ్బా మీది నంబర్, బిల్లు మీది నంబర్, తెర మీది నంబర్ మూడూ ఒకటేనా అని అక్కడే నిలబడి చూడండి. థర్మల్ కాగితం మీది బిల్లు కొన్ని నెలల్లో తెల్లకాగితమవుతుంది. అదే రోజు స్కాన్ చేసి మెయిల్‌లో పెట్టుకోండి.

బిల్లు ఎవరి పేరున? వెళ్ళే బిడ్డ పేరున కన్నా, ఇంటి దగ్గర ఉండే తండ్రి లేదా తల్లి పేరున రాయించడం మంచిదని మా గట్టి అభిప్రాయం. చట్టంలో వినియోగదారు అంటే కొన్నవాళ్ళే కాదు, కొన్నవాళ్ళ అనుమతితో వాడేవాళ్ళు కూడా. తండ్రి కొని కూతురు వాడితే ఇద్దరికీ హక్కు ఉంటుంది. రేపు కేసు వేయాల్సివస్తే డాలస్ నుంచి కాగితాలు పంపే పని లేకుండా తండ్రే ఫిర్యాదుదారు అవుతాడు. జీఎస్టీ ఆదా అవుతుందని మేనమామ దుకాణం పేరున, ఆ దుకాణం జీఎస్టీ నంబర్ మీద బిల్లు చేయించడం మాత్రం వద్దు. వాణిజ్య అవసరానికి కొన్నవాళ్ళు చట్టం ప్రకారం వినియోగదారులు కారు. అవతలి లాయరు మొదట పట్టుకునేది ఆ ఇన్వాయిసునే.

కంపెనీ సైట్‌లో రిజిస్టర్ చేసేటప్పుడు మొబైల్ నంబర్ కూడా ఇంట్లో ఉండేవాళ్ళదే ఇవ్వండి. సర్వీస్ సెంటర్‌లో ఫిర్యాదు నమోదు చేసినా, మూసేసినా ఓటీపీ ఆ నంబర్‌కే పోతుంది. అమెరికాలో రీఛార్జ్ లేక మూగబోయిన ఇండియా సిమ్‌కు పోయిన ఓటీపీ ఎవరికీ పనికిరాదు.

ఇంకొకటి: కొన్ని కంపెనీల సైట్లలో వారంటీ మొదలైన తేదీ మీరు కొన్న రోజు కాకుండా సరుకు షాపుకు పంపిన రోజు చూపిస్తుంది. షాపులో నాలుగు నెలలు పడి ఉన్న పీసు అయితే నాలుగు నెలలు పోయినట్టే. బిల్లు అప్‌లోడ్ చేసి తేదీ సరిచేయమని అడిగితే సరిచేస్తారు. సరైన తేదీ కనిపించాక ఆ పేజీని పీడీఎఫ్‌గా దాచండి.

విమానానికి ముందు నాలుగు వారాలు

ప్రయాణానికి మూడు రోజుల ముందు కొనడం పెద్ద పొరపాటు. ఎలక్ట్రానిక్స్‌లో తయారీ లోపాలు చాలావరకు మొదటి కొన్ని వారాల్లోనే బయటపడతాయి. అప్పటికి మీరు ఇక్కడే ఉండాలి. కనీసం నాలుగు వారాల ముందు కొని, రోజూ గంటలకొద్దీ వాడండి. తెర మొత్తం తెలుపు, తర్వాత నలుపు చేసి చుక్కలున్నాయా చూడండి. ప్రతి పోర్టులో పెన్‌డ్రైవ్ పెట్టి చూడండి. కెమెరా, మైకు, స్పీకర్లు, మూత కీలు, ఫ్యాన్ శబ్దం ఏదీ వదలొద్దు. విండోస్ అయితే కమాండ్ ప్రాంప్ట్‌లో బ్యాటరీ రిపోర్ట్ తీయండి. అందులో డిజైన్ కెపాసిటీ, ఫుల్ ఛార్జ్ కెపాసిటీ అని రెండు అంకెలు కనిపిస్తాయి. కొత్త యంత్రంలో ఆ రెండూ దాదాపు సమానంగా ఉండాలి. మొదటి నెలలోనే పదో వంతుకు మించి తేడా ఉంటే అప్పుడే ఫిర్యాదు పెట్టండి. యంత్రానికి మూడేళ్ళ వారంటీ ఉన్నా బ్యాటరీకి చాలావరకు ఏడాదే ఉంటుంది.

సర్వీస్ సెంటర్‌కు వెళితే జాబ్‌షీట్ (సమస్య రాసి వాళ్ళిచ్చే కాగితం) లేకుండా బయటికి రావద్దు. “చెక్ చేసినం, బాగానే ఉంది” అన్న నోటిమాటకు విలువ లేదు. మీరు చెప్పిన సమస్య మీ మాటల్లోనే ఆ షీట్‌లో ఉండాలి. “స్లో అవుతోంది” కాదు, “ఇరవై నిమిషాలు వాడాక తెర కింది భాగంలో అడ్డంగా గీతలు వస్తున్నాయి” అని రాయించండి. బయటి బాడీ మీద గీతలు, సొట్టలు ఏవీ లేవని కూడా రాయించండి. లేకపోతే తిరిగి తీసుకునేటప్పుడు ఫిజికల్ డ్యామేజ్ అని మీ మీదికే వస్తుంది. ఫోన్ సిమ్ ట్రే గూటిలో చాలా మోడళ్ళకు గోరంత తెల్ల స్టిక్కర్ ఉంటుంది. నీరు తగిలితే ఎర్రబడుతుంది. అది ఎర్రగా ఉందంటే వారంటీ కింద రిపేరు కుదరదంటారు. అప్పగించే ముందు టార్చ్ వేసి ఆ గూటిని ఫొటో తీసి పెట్టుకోండి.

మదర్‌బోర్డు మారిస్తే రెండు పనులు మరువొద్దు. కొత్త బోర్డు బయోస్‌లో (బోర్డులోనే ఉండే మూల ప్రోగ్రాం) మీ పాత సీరియల్ నంబర్ ఎక్కించారో లేదో చూడండి. ఎక్కించకపోతే విదేశంలో సైట్‌లో మీ యంత్రం వారంటీయే కనిపించదు. రెండోది బిట్‌లాకర్, అంటే డిస్కుకు విండోస్ వేసే తాళం. బోర్డు మారగానే విండోస్ 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. ఆ కీ మీ మైక్రోసాఫ్ట్ ఖాతాలో ఉంటుంది. యంత్రం అప్పగించే ముందే రాసుకోకపోతే లోపలున్న సర్టిఫికెట్లు, ఫొటోలు అన్నీ తాళం వెనుకే ఉండిపోతాయి.

అక్కడికి వెళ్ళాక ఖరాబైతే

మొదటి పని, విప్పకపోవడం. రెండో పని, వీడియో. ఒకే షాట్‌లో సీరియల్ నంబర్ స్టిక్కర్ చూపించి, అక్కడి నుంచి ఆపకుండా లోపం కనిపించేదాకా తీయండి. తర్వాత డేటా వేరేచోట దాచండి.

ఇండియా 1800 టోల్‌ఫ్రీ నంబర్లు విదేశాల నుంచి మామూలుగా కలవవు. చాట్, మెయిల్ వాడండి. అదే రోజు ఇంటి దగ్గరివాళ్ళతో ఇక్కడి నంబర్ నుంచి కూడా ఫిర్యాదు నమోదు చేయించండి. ఎందుకంటే వారంటీ గడువులో ఫిర్యాదు పెట్టినట్టు తేదీతో సహా ఒక టికెట్ నంబర్ ఉండటం మీకు పెద్ద బలం. యంత్రం మూడు నెలల తర్వాత ఇండియాకు వచ్చినా, గడువులోనే చెప్పామని చూపించవచ్చు. మెయిల్‌లో ఈ సంగతులు చాలు: కొన్న తేదీ, బిల్లు నంబర్, సీరియల్ నంబర్, లోపం ఎప్పుడు మొదలై ఎట్లా కనిపిస్తోంది, నేను ఫలానా దేశంలో ఉన్నాను, ఇక్కడ రిపేరు చేస్తారా లేదా రాతపూర్వకంగా చెప్పండి. కోపం, కష్టాలు అందులో వద్దు. రిపేరు కుదరదంటే ఆ జవాబు కూడా కాగితమే, దాచండి.

ఆగలేక అక్కడి వీధి షాపులో సొంత డబ్బుతో చేయించేస్తారు కొందరు. కంపెనీ ముందే రాతలో ఒప్పుకోకపోతే ఆ ఖర్చు తర్వాత రాబట్టడం కష్టం. పైగా బయటివాళ్ళు విప్పారన్న కారణంతో మిగతా వారంటీ కూడా కాదంటారు.

వారంటీ ఇండియాకే పరిమితమైతే మిగిలేది యంత్రాన్ని ఇంటికి పంపడం. కొరియర్ కన్నా దసరాకు, సంక్రాంతికి ఊరికి వచ్చే తెలిసినవాళ్ళ చేతికివ్వడమే మేలు. లిథియం బ్యాటరీలున్న పార్సిళ్ళకు ఆంక్షలు ఎక్కువ, పాడైన బ్యాటరీ అయితే విమానంలో తీసుకోరు. ఉబ్బిన బ్యాటరీ ఉన్న యంత్రాన్ని ఎవరి చేతికీ ఇవ్వొద్దు. అది మంటకు దారితీస్తుంది. మంచి బ్యాటరీ అయితే 100 వాట్ అవర్ల లోపు ఉన్నది క్యాబిన్ సంచీలో పోతుంది. ల్యాప్‌టాప్ బ్యాటరీలు సాధారణంగా ఆ లోపే. విడి బ్యాటరీ, పవర్ బ్యాంక్ మాత్రం చెక్‌ఇన్ లగేజీలో పెట్టకూడదు.

ఇండియాకు వచ్చే, పద్దెనిమిదేళ్ళు నిండినవాళ్ళకు ఒక్కొక్కరికి ఒక ల్యాప్‌టాప్ సుంకం లేకుండా వదులుతారు. తెచ్చే మనిషి దగ్గర తన ల్యాప్‌టాప్ కూడా ఉంటే మీది రెండోదవుతుంది. అందుకే ఇక్కడి ఇన్వాయిస్ ప్రింటు దానితోపాటు పంపండి. ఇండియాలో కొన్నదేనని చూపడానికి అది కావాలి. ఖరీదైన కెమెరాలు తీసుకుపోయేవాళ్ళు వెళ్ళేరోజే విమానాశ్రయం కస్టమ్స్ దగ్గర ఎక్స్‌పోర్ట్ సర్టిఫికెట్ తీసుకుంటే వచ్చేటప్పుడు ఈ తగాదా ఉండదు.

కంపెనీ కదలకపోతే

కంపెనీ ఫిర్యాదుల అధికారికి మెయిల్ పెట్టండి. ఆన్‌లైన్‌లో కొన్నదైతే 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం గ్రీవెన్స్ ఆఫీసర్ 48 గంటల్లో అందిందని చెప్పాలి, నెలలో పరిష్కరించాలి. దానితో కాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. తెలుగులో మాట్లాడవచ్చు. విదేశంలో ఉన్నవాళ్ళు దాని సైట్ లేదా యాప్ వాడుకోవచ్చు. ఇది కోర్టు కాదు, ఆదేశం ఇవ్వలేదు. కానీ ఫిర్యాదును కంపెనీలో నిర్ణయం తీసుకునే మనిషి దాకా చేరుస్తుంది. చిన్న విషయాలు చాలా ఇక్కడే తెగిపోతాయి.

అప్పటికీ తెగకపోతే లీగల్ నోటీసు. లాయరే రాయాలని లేదు. జరిగింది, అడుగుతున్నది, పదిహేను రోజుల గడువు రాసి షాపుకు, కంపెనీ ఇండియా ఆఫీసుకు స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచండి. తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్. వరంగల్, కరీంనగర్, నిజామాబాద్‌లలో కమిషన్లున్నాయి. 2019 చట్టంలో జనానికి బాగా మేలు చేసిన మార్పు ఒకటుంది: కంపెనీ ఆఫీసు బెంగళూరులో ఉన్నా, ఫిర్యాదుదారు నివసించే చోటే, లేదా పనిచేసే చోటే కేసు వేయవచ్చు. బిల్లు ఇంట్లో ఉండేవాళ్ళ పేరున రాయించమన్నది ఇందుకే. చెల్లించిన ధర 50 లక్షల దాకా జిల్లా కమిషన్ చూస్తుంది, 5 లక్షల లోపు అయితే ఫీజు లేదు. కారణం తలెత్తిన రోజు నుంచి 2 ఏళ్ళలో వేయాలి.

వినియోగదారుల కేసులు ఆన్‌లైన్‌లో వేయడానికి 2025 జనవరి 1 నుంచి ఈ-జాగృతి పోర్టల్ ఉంది. ఫిర్యాదు, అఫిడవిట్, బిల్లు, జాబ్‌షీట్లు, మెయిళ్ళు, నోటీసు రసీదు వరుసగా పీడీఎఫ్‌లు చేసి అందులో ఎక్కించవచ్చు. విదేశంలో ఉన్నవాళ్ళూ రిజిస్టర్ కావచ్చు. తగిన కారణం చూపి దరఖాస్తు పెడితే వీడియో ద్వారా హాజరుకావడానికి కమిషన్ అనుమతించవచ్చు. బిల్లు మీ పేరునే ఉండి, ఇంట్లోవాళ్ళు మీ తరఫున నడపాలంటే అక్కడి భారత కాన్సులేట్‌లో పవర్ ఆఫ్ అటార్నీ చేయించి పంపాలి. అది ఇక్కడికి చేరిన మూడు నెలల్లోగా స్టాంపు వేయించాలి.

లోపం పరీక్షతో తప్ప తేలదనుకుంటే కమిషన్ వస్తువును ల్యాబ్‌కు పంపుతుంది. అంటే వస్తువు ఇండియాలో ఉండాలి. డాలస్‌లో టేబుల్ మీద పడి ఉన్న ల్యాప్‌టాప్‌కు ఇక్కడ పరీక్ష జరగదు. అక్కడి అధీకృత సర్వీస్ సెంటర్ “లోపలి భాగం విఫలమైంది, బయటి దెబ్బ లేదు” అని రాసిచ్చిన రిపోర్టు ఉంటే ఫిర్యాదుకు బలం. పరీక్ష అవసరం లేని కేసు 3 నెలల్లో, అవసరమైనది 5 నెలల్లో తేల్చాలని చట్టం చెబుతుంది. ఆచరణలో ఇంకా పడుతుంది, ఆ ఓపికతోనే మొదలుపెట్టండి. గెలిస్తే రిపేరు, మార్పిడి, డబ్బు వాపసు, నష్టపరిహారం అడిగినదాన్ని బట్టి ఇస్తారు. ఆదేశం పాటించకపోతే జైలు, లేదా 25 వేలకు తగ్గకుండా లక్ష దాకా జరిమానా ఉంది.

ఒక హద్దు చెప్పాలి. కార్డు మీద ఇండియాలో మాత్రమే అని స్పష్టంగా ఉంటే, అమెరికాలో రిపేరు చేయలేదని కేసు వేస్తే నిలవడం కష్టం. యంత్రం గడువులో ఇండియా సర్వీస్ సెంటర్‌కు వచ్చాక చేయకపోతేనే తప్పు కంపెనీదని గట్టిగా చెప్పగలం. షాపువాడు ప్రపంచమంతా చెల్లుతుందని రాసిచ్చి ఉంటే సంగతి వేరు. అందుకే ఆ మాటను కొనేటప్పుడే వాట్సాప్‌లో అడిగి, జవాబు తెప్పించుకుని దాచండి.

అక్కడ కొని ఇక్కడికి తెచ్చినవి

జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్, నిర్మల్ నుంచి గల్ఫ్ పోయినవాళ్ళ ఇళ్ళలో ఈ కథ తిరగబడుతుంది. ఫోను, టీవీ అక్కడివి, ఖరాబయ్యేది ఇక్కడ. దుబాయ్ షాపులో ఒకే ఫోన్ రెండు ధరలకు కనిపిస్తే తక్కువ ధరది సాధారణంగా వేరే దేశపు వెర్షన్, దానికి షాపు వారంటీయే ఉంటుంది. ఇక్కడి సర్వీస్ సెంటర్ రెండిటినీ తీసుకోకపోవచ్చు. సెలవుకు వచ్చినవాళ్ళు తిరిగిపోయేటప్పుడు పాత ఫోనూ, అక్కడి బిల్లూ వెంట తీసుకుపోవడమే దారి. బిల్లు జగిత్యాల బీరువాలో, ఫోన్ దమ్మామ్‌లో ఉంటే రెండూ దండుగే. టీవీ అయితే అసలు మోసుకురావద్దు. ఫ్లాట్ టీవీలకు 2013 ఆగస్టు నుంచి సుంకం మినహాయింపు లేదు, దారిలో ప్యానెల్ పగిలితే ఎక్కడా వారంటీ లేదు.

ఇంగ్లండ్‌లో, యూరప్‌లో కొన్నవాళ్ళు కంపెనీని కాకుండా ముందు అమ్మినవాళ్ళనే పట్టుకోవాలి. ఇంగ్లండ్‌లో 2015 చట్టం ప్రకారం లోపమున్న వస్తువును 30 రోజుల్లో వాపసు ఇచ్చి పూర్తి డబ్బు అడగవచ్చు. తర్వాత ఒకసారి రిపేరు లేదా మార్పిడికి అవకాశమివ్వాలి. అదీ విఫలమైతే డబ్బు. ఆరు నెలల లోపు బయటపడిన లోపం మొదటి నుంచీ ఉన్నట్టే లెక్క, కాదని నిరూపించాల్సింది అమ్మినవాళ్ళే. యూరోపియన్ యూనియన్‌లో అమ్మినవాళ్ళ మీద 2 ఏళ్ళ హక్కు, మొదటి ఏడాది నిరూపణ భారం వాళ్ళదే. కార్డులో ఏడాది వారంటీ అని ఉన్నా ఈ రెండేళ్ళు పోవు. అమెరికాలో 1975 నాటి మాగ్నసన్ మాస్ చట్టం ఉంది. బయట రిపేరు చేయించారన్న ఒక్క కారణంతో వారంటీ రద్దని బెదిరించే స్టిక్కర్లను ఆ చట్టం ఒప్పుకోదు. ఇవన్నీ ఆయా దేశాల్లో కొన్నవాటికే. హన్మకొండలో కొన్నది మాంచెస్టర్‌లో చూపిస్తే వర్తించవు.

అడాప్టర్, మిక్సీ

ల్యాప్‌టాప్ అడాప్టర్ వెనక్కి తిప్పి ఇన్‌పుట్ అన్న వరుస చదవండి. 100-240 వోల్టులు, 50/60 హెర్ట్జ్ అని ఉంటే ప్రపంచంలో ఎక్కడైనా నడుస్తుంది, పిన్ను మారిస్తే చాలు. మార్పిడి పిన్ను కన్నా అడాప్టర్‌కు, గోడకు మధ్య ఉండే తీగనే అక్కడిది కొనండి. ఎర్త్ సరిగ్గా అందుతుంది.

మిక్సీ, గ్రైండర్ అలా కాదు. అవి 230 వోల్టులకు చేసినవి, అమెరికాలో వచ్చేది 120. పిన్ను మార్చి పెడితే మిక్సీ ఈసురోమని తిరుగుతుంది, పప్పు నలగదు, మోటారు వేడెక్కుతుంది. 750 వాట్ల మిక్సీకి కనీసం 1500 వాట్ల స్టెప్ అప్ (వోల్టులు పెంచే) ట్రాన్స్‌ఫార్మర్ కావాలి, మొదలయ్యేటప్పుడు మోటారు లాగే కరెంటు అంత ఎక్కువ. పిండి రుబ్బే వెట్ గ్రైండర్‌కు అదీ సరిపోదు. ట్రాన్స్‌ఫార్మర్ వోల్టులు మారుస్తుంది కానీ 60 హెర్ట్జ్‌ను 50 చేయలేదు. గ్రైండర్‌లోని ఇండక్షన్ మోటారు ఐదో వంతు ఎక్కువ వేగంతో తిరిగి, బెల్టు, బేరింగులు త్వరగా అరుగుతాయి. ఇట్లా కాలినదానికి ఇక్కడా అక్కడా ఎవరూ వారంటీ ఇవ్వరు. కాలిన వైండింగు చూడగానే మెకానిక్కుకు తెలిసిపోతుంది. అమెరికా కోసమే చేసిన 110 వోల్టుల మిక్సీలు అక్కడి భారతీయ దుకాణాల్లో అక్కడి వారంటీతో దొరుకుతాయి. బిడ్డ సూట్‌కేసులో ఆ ఐదారు కిలోల జాగాలో కారంపొడి, పచ్చళ్ళు పెట్టి పంపండి. గల్ఫ్‌కు, ఇంగ్లండ్‌కు వెళ్ళేవాళ్ళకు వోల్టుల బాధ లేదు, అక్కడా 220 నుంచి 240 మధ్యే. సౌదీలో మాత్రం 60 హెర్ట్జ్ కాబట్టి గ్రైండర్ తీసుకుపోవద్దు.